చట్టసభ సభ్యులపై అల్లర్ల కేసులు

ఎమ్మెల్యే గానీ ఎంపీ గానీ రాజకీయ గొడవల్లో చేయి కలిపినా, సభలోనే విధ్వంసానికి దిగినా భారతదేశంలో మూడు విధాలుగా చర్య తీసుకోవచ్చు. సభ తన అధికారంతో సస్పెండ్ చేయవచ్చు, బహిష్కరించవచ్చు. పోలీసులు కేసు పెట్టి కోర్టుకు పంపవచ్చు. శిక్ష పడితే ప్రజాప్రాతినిధ్య చట్టం పదవిని తీసేస్తుంది. ఈ మూడూ గట్టి ఏర్పాట్లే. అయితే కేసు తీర్పుదాకా రాకముందే దాన్ని ఎత్తివేసే దారి ఒకటి ప్రభుత్వం చేతిలో ఉంది. ఈ విషయంలో అసలు పోరాటమంతా అక్కడే జరుగుతోంది.

సభ్యులకు రక్షణ లేకపోలేదు. సభలో అన్న మాటకు, వేసిన ఓటుకు ఏ కోర్టులోనూ జవాబు చెప్పనక్కర్లేదని రాజ్యాంగంలోని 105, 194 అధికరణలు చెబుతున్నాయి. పాలకులకు భయపడకుండా నోరు విప్పాలంటే ఈ రక్షణ ఉండి తీరాలి. కానీ క్రిమినల్ కేసులో అరెస్టు నుంచి సభ్యుడికి మినహాయింపు లేదు. సభ ఆవరణలో అరెస్టు చేయాలంటే మాత్రం స్పీకర్ అనుమతి కావాలి, బయట చేస్తే ఆ సంగతి స్పీకర్‌కు తెలియజేయాలి.

సభ క్రమశిక్షణ సంగతి తెలుగువారికి బాగా గుర్తుంది. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు సమయంలో విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే చల్లారు. ఆయనతో పాటు పలువురు ఎంపీలను స్పీకర్ మీరా కుమార్ 374ఏ నిబంధన కింద సస్పెండ్ చేశారు. 2001లో వచ్చిన ఆ నిబంధన ప్రకారం సస్పెన్షన్ ఐదు రోజుల సమావేశాలకు మించదు.

సభ చేయి అంతకంటే ముందుకు వెళ్లినప్పుడు కోర్టులు ఆపాయి. 2018 మార్చి 12న తెలంగాణ అసెంబ్లీలో గవర్నర్ ప్రసంగిస్తుండగా హెడ్‌ఫోన్ విసిరారని, అది తగిలి మండలి చైర్మన్ స్వామిగౌడ్ కంటికి గాయమైందని ఆరోపణ వచ్చింది. మర్నాడే ఎమ్మెల్యేలు కోమటిరెడ్డి వెంకటరెడ్డి, సంపత్ కుమార్‌ల సభ్యత్వం రద్దయింది. వారి వాదన వినకుండా వేటు వేయడం చెల్లదని ఉమ్మడి హైకోర్టు ఏప్రిల్ 17న ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. మహారాష్ట్రలో 2021 జులైలో 12 మంది బీజేపీ ఎమ్మెల్యేలను ఏడాదిపాటు సస్పెండ్ చేస్తే, ఆ సమావేశాలకు మించిన సస్పెన్షన్ రాజ్యాంగ విరుద్ధమని 2022 జనవరి 28న సుప్రీంకోర్టు తేల్చింది. బహిష్కరిస్తే ఆరు నెలల్లో ఉప ఎన్నిక వస్తుంది, ఏడాది సస్పెన్షన్‌లో నియోజకవర్గానికి మాట్లాడే మనిషే ఉండడు. అందుకే ఇది బహిష్కరణ కన్నా కఠినమని కోర్టు భావించింది. తప్పు ఎమ్మెల్యేదైతే ఓటర్ల గొంతు నొక్కకూడదన్న ఈ పట్టింపు ఎంతో న్యాయమైనది.

నేరవిచారణకు వస్తే, కేరళ కేసు కంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. 2015 మార్చి 13న ఆర్థికమంత్రి కె.ఎం. మాణి బడ్జెట్ ప్రవేశపెట్టవలసి ఉంది. బార్ల లైసెన్సుల కోసం లంచం తీసుకున్నారన్న ఆరోపణ ఎదుర్కొంటున్న మంత్రి బడ్జెట్ చదవకూడదని ప్రతిపక్ష ఎల్‌డీఎఫ్ పట్టుబట్టింది. సభ్యులు స్పీకర్ వేదిక ఎక్కారు. స్పీకర్ కుర్చీ, కంప్యూటర్, మైకు, ఎమర్జెన్సీ లైటు ధ్వంసమయ్యాయి. నష్టం 2,20,093 రూపాయలని లెక్క తేలింది. అసెంబ్లీ కార్యదర్శే తిరువనంతపురంలోని మ్యూజియం పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేశారు. ఆరుగురిపై అతిక్రమ ప్రవేశం, ఆస్తి నష్టం, 1984 నాటి ప్రజా ఆస్తుల విధ్వంస నిరోధక చట్టం కింద ఛార్జిషీటు దాఖలైంది.

2016లో ఎల్‌డీఎఫ్ అధికారంలోకి వచ్చింది. 2018లో పబ్లిక్ ప్రాసిక్యూటర్ అదే కేసును ఉపసంహరించుకుంటామని మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు పెట్టారు. జరిగింది సభలో నిరసన, అది సభ్యుల హక్కు, కోర్టుకు సంబంధం లేదని వాదన. మేజిస్ట్రేట్ కాదన్నారు, హైకోర్టు కాదంది. 2021 జులై 28న సుప్రీంకోర్టు కూడా కాదంది. వస్తువులు పగలగొట్టడం వాక్ స్వాతంత్ర్యం కిందికి రాదని, సభ్యులకిచ్చిన ప్రత్యేక హక్కులు వారు తమ విధులు నిర్వర్తించడానికే తప్ప మామూలు క్రిమినల్ చట్టం నుంచి తప్పించడానికి కాదని చెప్పింది. నిందితుల్లో ఒకరైన వి. శివన్‌కుట్టి అప్పటికి రాష్ట్ర విద్యాశాఖ మంత్రి. నేరం రుజువైందని ఈ తీర్పు చెప్పలేదు, విచారణ ఎదుర్కోవాలని మాత్రమే చెప్పింది.

వీధుల్లో జరిగిన హింసకు శిక్ష పడితే మిగతాది ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 8వ సెక్షన్ చూసుకుంటుంది. రెండేళ్లు, ఆపైన జైలుశిక్ష పడితే సభ్యత్వం పోతుంది, విడుదలైన తర్వాత మరో ఆరేళ్లు పోటీకి వీలుండదు. వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టినట్టు రుజువైతే ఆ రెండేళ్ల లెక్క కూడా అవసరం లేదు. అప్పీలు పెట్టుకుని పదవిలో కొనసాగే వెసులుబాటును 2013 జులైలో లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తీసేసింది. ఆ ఏడాదే ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ అల్లర్లలో 60 మందికి పైగా చనిపోయారు. వాటికి సంబంధించిన ఒక కేసులో ఖతౌలీ ఎమ్మెల్యే విక్రమ్ సైనీకి 2022 అక్టోబరులో రెండేళ్ల శిక్ష పడింది. డిసెంబరులో ఉప ఎన్నిక జరిగింది.

అన్ని కేసులూ ఇంత త్వరగా తేలవు. 1984 నవంబరులో ఢిల్లీలో సిక్కుల ఊచకోత జరిగిన నాటికి సజ్జన్ కుమార్ లోక్‌సభ సభ్యుడు. ఆ తర్వాత మరో రెండుసార్లు గెలిచారు. ఆయనకు ఢిల్లీ హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది 2018 డిసెంబరు 17న. మధ్యలో గడిచినవి 34 ఏళ్లు, అంటే బాధిత కుటుంబాల్లో ఒక తరం జీవితం.

కేసు ఎత్తివేత ప్రతిసారీ తప్పని కాదు. తెలంగాణ ఉద్యమంలో విద్యార్థుల మీద పెట్టిన కేసులను ప్రభుత్వం ఉపసంహరించినప్పుడు ఎన్నో ఇళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. తన మీది కేసును తన ప్రభుత్వమే ఎత్తివేయించుకోవడం మాత్రం వేరే సంగతి. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 321వ సెక్షన్ కింద ప్రాసిక్యూటర్ కోరితే, కోర్టు ఒప్పుకుంటే కేసు ముగిసినట్టే. ముజఫర్‌నగర్ కేసుల్లో ఇలాంటి ప్రయత్నాలు సుప్రీంకోర్టు దృష్టికి వచ్చాయి. హైకోర్టు అనుమతి లేకుండా ఎంపీలు, ఎమ్మెల్యేల కేసులు ఉపసంహరించరాదని 2021 ఆగస్టు 10న ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ధర్మాసనం ఆదేశించింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఆ సెక్షన్ సంఖ్య 360 అయింది. బాధితుల మాట వినకుండా కేసు ఉపసంహరణకు కోర్టు ఒప్పుకోకూడదన్న షరతు అందులో కొత్తగా చేరింది.