ఆహార ద్రవాలు: సజాతీయ, విజాతీయ మిశ్రమాలు

ఒక ద్రవంలో ఏ చుక్క తీసినా కూర్పు ఒకేలా ఉంటే అది సజాతీయ మిశ్రమం. చోటును బట్టి మారితే విజాతీయం. వడగట్టిన పంచదార పానకం మొదటి కోవది. నెల్లూరు జిల్లా ఇసకపల్లి ఉప్పు కొఠార్లకు పారించే సముద్రపు నీరు కూడా, ఇసుక తేరుకున్నాక, ద్రావణమే. సముద్రపు నీటిలో సాధారణంగా లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు కరిగి ఉంటాయి. ఎండకు నీరు ఆవిరై, ఇక కరగలేని స్థితికి వచ్చినప్పుడు ఉప్పు గింజ కడుతుంది. సజాతీయత అక్కడితో సరి.

నెల్లూరు చేపల పులుసు నిస్సందేహంగా విజాతీయం. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, ఉప్పు నీటిలో కరుగుతాయి. గుజ్జు, మెంతిపొడి, మామిడి ముక్కలు కరగవు. నూనె పైకి తేలుతుంది. మర్నాటికి రుచి పెరుగుతుందంటారు గానీ వర్గం మాత్రం మారదు.

చిక్కంతా పాలతోనే. కంటికి ఒకే తీరుగా ఉన్నా, సూక్ష్మదర్శినిలో కొవ్వు బొట్లు విడివిడిగా కనిపిస్తాయి. కాంతిని చెదరగొట్టేవాటిలో అవీ ఉన్నాయి. అందుకే పాలు కాంజికాభ ద్రవం (కొల్లాయిడ్), అంటే సన్నని కణాలు కరగకుండా చెదిరి ఉన్న ద్రవం, విజాతీయం. మజ్జిగ కూడా విజాతీయమే: కాసేపు కదపకుండా ఉంచితే తేట పైకి వస్తుంది. లేత కొబ్బరినీళ్లు దాదాపు ద్రావణమే. అదే కాయ ముదిరాక తీసిన కొబ్బరిపాలు ఎమల్షన్, అంటే నీటిలో నూనె బొట్లు చెదిరి ఉన్న విజాతీయ మిశ్రమం.