గుడ్డ విప్పితే కనిపించిన గాట్లు

జూలై 10 దగ్గరపడితే విజయనగరంలో పద్మనాభం మాట వినిపిస్తుంది. 1794లో చిన విజయరామరాజు కుంపిణీ సైన్యాన్ని ఎదిరించి ప్రాణమిచ్చిన రోజది. ఏటా ఆ యుద్ధం గురించే రాసుకుంటాం, రాసుకోవాలి కూడా. ఈసారి మాత్రం ఆ తారీఖుకి వారం ముందు మా అరుగుమీద ఒక పాత మెత్తల కుర్చీ చట్రం ఊడదీసి పరిచి ఉంది. దాన్ని చూస్తుంటే, కత్తి పట్టిన వాళ్ల కాలంలోనే ఇదే తీరంలో ఉలి పట్టిన వాళ్ల మీదికి మనసు పోయింది.

కుర్చీ మా తాతగారిది. జమీలు రద్దయిన రోజుల్లో ఎవరో సామాను అమ్ముతుంటే కొన్నారని ఇంట్లో చెప్పుకుంటారు. మూడేళ్ల కిందట ఒక దుకాణంలో బాగు చేయించాను. వాళ్లు కొత్త రెగ్జిను తొడిగి, ఊగుతున్న కాలికి రెండు మేకులు దిగ్గొట్టి పంపించేశారు. ఆర్నెల్లలో ఆ మేకుల దగ్గరే కర్ర చీలింది. ఈసారి డెబ్బై దాటిన ఒక వడ్రంగి తాతని ఇంటికే పిలిపించాను. ఆయన కుర్చీని తలకిందులు చేసి, గోటితో కాలు గీరి చూసి అన్నమాట ఇదీ: "గుడ్డదేటుంది బాబూ, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కర్ర పోతే మరింకేటుంది?"

రెగ్జిను కింద పూలగుడ్డ, దాని కింద వెలిసిన ఎర్ర మఖమల్, దాని కింద కొబ్బరిపీచు, గోనెపట్టీలు. అన్నీ తీశాక టేకు చట్రం మిగిలింది. అతుకులు విడదీసినప్పుడు చూశాను. ప్రతి అతుకు లోపలి వైపునా ఉలితో పెట్టిన చిన్న గాట్లున్నాయి. ఒక చోట ఒకటి, ఇంకో చోట రెండు, మరో చోట మూడు. ఏ బద్ద ఏ కాలిలో దిగాలో తప్పిపోకుండా చేసినవాడు పెట్టుకున్న గుర్తులవి. కూర్చునేవాళ్లకి ఎన్నటికీ కనిపించనివి.

మన దగ్గర కుర్చీ కథ మొదట్నించీ చెప్పాలంటే కర్ర సాయపడదు. చెద, ఉప్పుగాలి, వాన కలిసి పాతదాన్నంతా తినేశాయి. అమరావతి శిల్పాల్లో మెత్తలు వేసిన ఆసనాలు రాతిలో నిలిచాయి. ఇళ్లలో మనకి పీట, మంచం, అరుగు సరిపోయాయి. కుర్చీ అన్న మాట కూడా అరబ్బీ నుంచి వచ్చిందే. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు భీమునిపట్నంలో దిగారు. 1682లో ఇంగ్లీషువాళ్లు విశాఖలో కోఠీ పెట్టారు. కాళ్లు వేలాడేసి కూర్చునే ఆ మనుషుల కోసం కోరమాండల్ తీరం వడ్రంగులు నల్లచేవ కుర్చీలు చెక్కారు. అవి ఇంగ్లండు చేరి, ఎక్కణ్నించి వచ్చాయో మరిచిపోయేంత పాతబడ్డాయి. 18వ శతాబ్దపు రచయిత హొరేస్ వాల్‌పోల్ వాటిని తమ ట్యూడర్ రాజుల కాలం నాటివనుకుని, ఏరి మరీ కొని ఇంట్లో పెట్టుకున్నాడు.

నాకు అంతకన్నా ఇష్టమైన కథ విశాఖ దంతపు కుర్చీలది. 18వ శతాబ్దం నడిమికే ఆ ఊరి దంతపు పొదుగుడు పనికి పేరొచ్చింది. దంతం, టేకు బర్మాలోని పెగూ నుంచి ఓడల మీద వచ్చేవి. నమూనాలు ఇంగ్లీషు దొరల పుస్తకాల్లోవి. అంచుల్లో పాకే లతలు, పువ్వులు మాత్రం మన అద్దకం బట్టల మీదివి. పని కంసాలులది. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. మన పంచాణం వారిలో వడ్రంగమూ బంగారప్పనీ ఒకే కులంలోని వృత్తులు. కర్ర నాడి తెలిసిన చెయ్యీ, వెంట్రుకంత గీత గియ్యగల చెయ్యీ ఒకే బంధువర్గంలో దొరికాయి. ఆ పని విశాఖలో అంతగా కుదరడానికి ఓడరేవు ఎంత కారణమో, ఈ చుట్టరికమూ అంత కారణమని నా నమ్మకం.

1773 నుంచి 1775 దాకా మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గర ఇలాంటి దంతపు కుర్చీలు ఉండేవి. 1781లో ఆయన పోయాక సామాను వేలానికి వచ్చింది. మూడో జార్జి రాజు వాటిని కొని భార్య షార్లెట్ రాణికి కానుకిచ్చాడు. తెల్లగా మెరిసే ఆ కుర్చీలు చూస్తే మొత్తం దంతమే అనిపిస్తుంది. కానీ ఏనుగు దంతం వంకరగా ఉంటుంది, లోపల డొల్ల కూడా. కుర్చీకి కావలసిన పొడుగాటి కాలు, వెడల్పాటి వీపు అందులోంచి ఒక్క ముక్కగా రావు. అందుకే లోపల గంధపు చెక్క పెట్టారు. దంతాన్ని పలచని రేకులుగా కోసి దానిమీద అతికారు. రేకు మీద సన్నగా గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపారు. గుడ్డకి బదులు దంతం, అంతే. బరువు మోసింది అక్కడా కర్రే.

రాణి 1818లో కన్నుమూసింది. మరుసటేడు ఆమె వస్తువులు వేలం వేశారు. కొన్నది పరాయివాళ్లు కాదు, కొడుకే. తర్వాత నాలుగో జార్జి అయిన ఆ యువరాజు వాటిని సముద్రపొడ్డున ఉన్న బ్రైటన్ విలాసమందిరానికి చేర్చాడు. విక్టోరియా రాణి ఆ మందిరాన్ని 1850లో ఊరివాళ్లకి అమ్మేసింది. కుర్చీలు మాత్రం రాజకుటుంబం దగ్గరే ఉండిపోయాయి, ఈనాటికీ ఉన్నాయి. ప్రతి మెట్టులోనూ అమ్మినవాడి పేరు, కొన్నవాడి పేరు, వేలం సాలు అన్నీ రాసిపెట్టి ఉన్నాయి. చెక్కిన కంసాలి పేరు లేదు. ఆ విషయం తలుచుకున్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఆ తర్వాతి కథ ఒక దారిన నడవదు. 19వ శతాబ్దంలో విశాఖ పనివాళ్లు పెద్ద కుర్చీలు తగ్గించి దంతం, కొమ్ము, ముళ్లపంది ముళ్లు పొదిగిన గంధపు పెట్టెలకి మళ్లారు. 1948 చట్టంతో జమీలు పోయి, కోటల్లోని కుర్చీలు ఎన్ని ఇళ్లకో చెదిరాయి. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. 1986, 1991 సవరణలతో దంతం వ్యాపారం పూర్తిగా ఆగింది. ఏనుగు బతకాలి, అందులో నాకు రెండో ఆలోచన లేదు. 2022 నుంచి ఇంగ్లండులోనూ పాత దంతపు వస్తువు అమ్మాలంటే మినహాయింపు కావాలి. ఇంతలో స్పాంజి వచ్చింది, ప్లైవుడ్ వచ్చింది, ప్లాస్టిక్ కుర్చీ ప్రతి పెళ్లిపందిరికీ వచ్చింది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఇప్పటికీ పనస దుంగని తొలిచి వీణ చేస్తున్నారు. దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కుర్చీ చట్రం బాగుచేసే చేతికి అలాంటి గుర్తింపేమీ లేదు. అడిగితే ఊళ్లో నలుగురు పాత వడ్రంగుల పేర్లు చెబుతారు, వెళ్తే ఇద్దరు పని మానేసి ఉంటారు.

మా వడ్రంగి తాత ముందు మేకులు పీకాడు, ఒక్కొక్కటీ, కర్ర చిట్లకుండా. పాత అతుకుల్లో ఉన్నది తోళ్లూ ఎముకలూ ఉడకబెట్టి తీసిన జిగురు. వేడినీళ్ల గుడ్డ చుట్టి కాసేపు ఉంచితే మెత్తబడి అతుకు తనంతట తనే వదిలింది. దుకాణం వాళ్లు పోసిన తెల్లజిగురు వదల్లేదు. ఉలి మొనతో గీకాల్సి వచ్చింది, సగం రోజు పోయింది. రోజూ ఇల్లు తడిగుడ్డ పెట్టి తుడవడంతో వెనక కాలు అడుగున రెండంగుళాలు మెత్తబడి ఉంది. అంతమట్టుకే ఏటవాలుగా కోసి, పాత ద్వారబంధం టేకు ముక్కని పోగుకి పోగు కలిసేలా అతికాడు. కొత్త కర్ర ఎందుకు వద్దని అడిగాను. "కొత్తది ఇంకా ఆరతాది బాబూ. ఇది ఆరాల్సినంతా ఆరిపోనాది" అన్నాడు.

కూర్చునే చోటి బద్దకి తరాల తరబడి గుడ్డ బిగించిన చిన్న మేకుల బెజ్జాలు, జల్లెడ మాదిరి. సన్నటి వెదురు పుల్లలు జిగురులో ముంచి ఒక్కో బెజ్జంలో కొట్టి, పైన కోసేశాడు. ఎడమ బద్ద కొన పురుగు తిని పొడవుతోంది, దాన్ని తీసెయ్యక తప్పలేదు. మూడు గాట్లు ఉన్నది ఆ కొన మీదే. తాత ముక్కని పక్కన పెట్టుకుని, కొత్త కొన మీద అదే చోట, అదే వాలులో మూడు గాట్లు పెట్టాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

చట్రం బిగించి, చుట్టూ తాడు వేసి, తాడులో కర్ర దూర్చి మెలితిప్పి కాలికి ఆనించాడు. నాలుగు రోజులు కదపొద్దన్నాడు. ఏ రంగు గుడ్డ వెయ్యాలని ఇంట్లో ఇంకా తేలలేదు. తీసేసిన పుచ్చు ముక్క ఈ కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాను. కదిపినప్పుడల్లా కాస్త పొడి రాలుతోంది.