కర్ఫ్యూ వేళ కోలాటం: పేరాక్ తోటల్లో పెద్దల రాత్రి పాఠాలు

జానపద కళలు మన రక్తంలోనే ఉన్నాయని రాయడం తెలుగు పరిశోధకులకు అలవాటైపోయింది. సదస్సు పత్రాల్లోనూ, సిద్ధాంత గ్రంథాల పీఠికల్లోనూ, ఆకాశవాణి ప్రసంగాల్లోనూ ఇదే మాట. కోలాటం నేర్చుకున్నవాణ్ని ఎవరినైనా అడగండి, నవ్వుతాడు. రక్తంలో ఉంటే పంతులు చేత అన్ని దెబ్బలెందుకు తిన్నట్టు? కోలలు ఎడమ చేతికీ కుడి చేతికీ కుదిరేసరికే వారం పడుతుంది. పక్కవాడి వేళ్లు పగలగొట్టకుండా తిరగడానికి ఇంకో పక్షం. తెలుగు పల్లెల్లో వయసొచ్చినవారి సంగీత విద్య రాత్రిపూట, ఒప్పందం మీద, గడువు పెట్టుకుని సాగిన వ్యవస్థ అనేది ఈ వ్యాసం ప్రతిపాదన. మలేసియా రబ్బరు తోటల్లో ఆ వ్యవస్థ తెగిపోవడానికి భాష మరపు కన్నా ముందే వేరే కారణం ఉందనీ, ఆ కారణానికి పేరాక్ రాష్ట్రంలోని సుంగై సిపుట్‌తో సంబంధం ఉందనీ చూపే ప్రయత్నం చేస్తాను.

ఈ అనుమానం నాకు పుస్తకాల్లో పుట్టలేదు. దిగువ పేరాక్‌లో, బాగాన్ దాతుక్ వైపు, తోటలో పుట్టి పెరిగిన ఒక పెద్దావిడ నాకు రాముడి మీద పాట పాడి వినిపించారు. పల్లవి, చరణాలు, మధ్యలో గోవిందలు, ఏదీ తప్పలేదు. ఉచ్చారణలో తమిళం, మలయ్ యాస కలిసినా పాట నిక్షేపంలా ఉంది. “దీనికి కోపు ఎలా వేసేవారమ్మా?” అని, అంటే పాటకు వేసే అడుగుల వరస గురించి, అడిగాను. కుర్చీలోంచి లేచి రెండడుగులు వేసి ఆగిపోయారు. “మా నాయనకు తెలుసు బాబూ. మాకెవరూ చెప్పలేదు” అన్నారు. వంట చేస్తూనో, పిల్లల్ని నిద్రపుచ్చుతూనో విన్న పాట నిలిచింది. పనిగట్టుకుని నేర్పవలసిన అడుగు పోయింది. వినికిడితో వచ్చే విద్య ఒకటి, కూర్చోబెట్టి నేర్పే విద్య ఇంకొకటి అని నాకు తట్టింది అక్కడే.

మన శాస్త్రంలో ఈ తేడా ఎందుకు నమోదు కాలేదు? ఇక్కడ ఆచార్య బిరుదురాజు రామరాజు గారితో పేచీ తప్పదు. ఆయన ‘తెలుగు జానపద గేయ సాహిత్యం’ 1958లో అచ్చయింది. తెలుగులో జానపద పరిశోధనకు విశ్వవిద్యాలయ గౌరవం తెచ్చింది ఆ గ్రంథమే. నేనూ దాని నీడలోనే చదువుకున్నాను. అయితే పేరులోనే ఉంది చిక్కు. గేయాన్ని సాహిత్యంగా పట్టుకున్నాక వస్తువును బట్టి వర్గీకరిస్తాం, ఛందస్సు చూస్తాం, పాఠాంతరాలు పోలుస్తాం. కర్త అజ్ఞాతుడు, ప్రసారం మౌఖికం అని రెండు లక్షణాలు చెప్పి ముందుకు సాగిపోతాం. మౌఖికం అంటే ఎవరి నోట, ఏ వేళ, ఏ అరుగు మీద, ఎంత జీతానికి? ఆ ప్రశ్నలకు ఆ చట్రంలో గది లేదు. దాంతో పాట గాలిలో తేలుతూ వచ్చి జానపదుడి నోట వాలినట్టయింది. తరవాతి తరం ఆయన వర్గీకరణను మంత్రంలా వల్లించింది తప్ప ఈ లోపాన్ని పూరించలేదు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి గారి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ ప్రదర్శన వైపు చాలా దూరం నడిచింది, సందేహం లేదు. నా గొడవ ఆయనతో కాదు. పాటను కాగితం మీదికి తెచ్చేటప్పుడు పంతుల్ని అరుగు మీదే వదిలేసి వచ్చిన పద్ధతితో.

ఆ అరుగు మీద ఏం జరిగేదో కొంచెం దగ్గరగా చూద్దాం. రాయలసీమలో చెక్కభజన, కోస్తాలో కోలాటం, పండరి భజన. వివరాలు ఊరూరికీ మారతాయి, ఎముకల గూడు ఒకటే. పంటపని సద్దుమణిగాక ఊరివాళ్లు పదిమందీ అనుకుని పొరుగూరి పంతుల్ని పిలిపిస్తారు. ఎన్నాళ్లు ఉండాలి, ఎన్ని కోపులు నేర్పాలి, రొక్కమెంత, ధాన్యమెంత అనే బేరం రామాలయం ముందు పెద్దల సమక్షంలో కుదురుతుంది. పంతులుకు భోజనం వంతులవారీగా ఇంటింటా. దీపాలు పెట్టాక, పశువులకు మేత వేశాక, అన్నాలు తిన్నాక జనం చేరతారు. మొదట వినాయకుడి మీద పాట. కొత్తవాడి చేతికి మొదటి రోజే చెక్కలివ్వరు. వట్టి చేతులతో అడుగు వేయిస్తారు. పంతులు నడుమ నిలబడి తాళాలతో కాలం చూపుతూ నోటితో జతులు చెబుతాడు. ఆ జతి కాళ్లకు ఎక్కాకే పాట, పాట కుదిరాకే చెక్కలు. విలంబంగా మొదలై, రెండో కాలానికి పోయి, ముక్తాయింపుతో ఆగాలి. ఒకడు తప్పితే వలయం మొత్తం ఆగుతుంది, మళ్లీ మొదటికి. నలభై ఏళ్ల రైతు పదహారేళ్ల కుర్రాడి పక్కన నిలబడి చీవాట్లు తినేది అక్కడే.

గమనించవలసిన సంగతి ఒకటుంది. ఇందులో రాత ప్రతి లేదు కానీ పాఠ్యక్రమం ఉంది. ఏ కోపు తరవాత ఏ కోపు అన్నది పంతులు ఇష్టం కాదు. జడకోపు వంటివి, పైనుంచి వేలాడే తాళ్లను పట్టుకుని అల్లి మళ్లీ విప్పేవి, చివరికే వస్తాయి. చదువు ముగిశాక గజ్జెపూజ చేసి, పండగనాడు ఊరందరి ముందూ ఆడి, పంతులుకు కొత్తబట్టలు పెట్టి సాగనంపుతారు. ప్రవేశం ఉంది, గడువు ఉంది, రుసుము ఉంది, పరీక్ష ఉంది, పట్టా ఉంది. ఇంతకన్నా బడి ఎలా ఉంటుంది? వయోజన విద్య మనకు ప్రభుత్వ పథకంగా వచ్చిందనుకునేవాళ్లు ఒక శ్రీరామనవమికి పల్లెకు వెళ్లి చూడాలి.

ఈ బడి సముద్రం దాటిందా అన్నది తరవాతి ప్రశ్న. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నుంచి మలయాకు వెళ్లినవాళ్లలో ఎక్కువమంది తోట కూలీలు. ఒప్పంద కూలి పద్ధతి 1910లో ముగిశాక కంగాణీల, అంటే కూలీలను పోగుచేసే మేస్త్రీల, ద్వారా వెళ్లారు. కంగాణి తన ఊరివాళ్లనీ, తన వాళ్లనీ వెంటబెట్టుకుపోయేవాడు. అలా వచ్చిన గుంపులో తాళం పట్టగలవాడూ, నాలుగు కోపులు తెలిసినవాడూ ఉండడం సహజం. తోటల్లో రామమందిరాలు లేచాయి, నవమి ఉత్సవాలు నిలిచాయి. అయితే పల్లెలో పంతులు బయటినుంచి రావాలి. తోటలో ఆ బయట అంటే ఆంధ్రదేశమే. నైపుణ్యం లేని కూలీల తరలింపును భారత ప్రభుత్వం 1938లో ఆపేసింది. కూలీతో పాటు కోపులు తెలిసిన కొత్త మనిషి రాకా ఆగింది. వలస చరిత్రకారులు 1938ని వేతనాల లెక్కలో చెబుతారు. సంగీతం లెక్కలో అదొక కరవు ఏడాది.

ఉన్నవాళ్లైనా ఉన్నంత నేర్పుకోవచ్చు కదా? పదేళ్లు నేర్పుకునే ఉంటారు, యుద్ధం నడుమ కూడా. అప్పుడు సుంగై సిపుట్ వచ్చింది. ఇపో నుంచి క్వాలా కాంగ్సార్ వెళ్లే దారిలో ఉన్న ఈ ఊరు తెలుగువాళ్ల కేంద్రం కాదు. తెలుగు కుటుంబాలు గుంపుగా ఉన్నది దిగువ పేరాక్‌లో. సుంగై సిపుట్‌లో భారతీయులంటే తమిళులే ఎక్కువ. మలేసియన్ ఇండియన్ కాంగ్రెస్ నాయకుడు వి.టి. సంబంధన్ పుట్టిందీ, మహాత్మా గాంధీ పేరిట తమిళ బడి పెట్టిందీ ఈ ఊళ్లోనే. కాని 1948 జూన్ 16 ఉదయం ఈ చుట్టుపక్కల తోటల్లో ముగ్గురు తెల్లదొరలు కాల్పుల్లో చనిపోయారు. ఎల్ఫిల్ తోటలో ఒకరు, ఇంకో తోటలో ఇద్దరు. రెండు రోజుల్లో మలయా అంతటా అత్యవసర పరిస్థితి. అది 1960 దాకా, పన్నెండేళ్లు నడిచింది. కమ్యూనిస్టు గెరిల్లాలకు తిండి అందకూడదని తోట కూలీల లయాలను, అంటే ఇళ్ల వరసలను, ఒకచోటికి చేర్చి ముళ్లకంచె చుట్టారు. చీకటి పడ్డాక కదలకూడదని చాలాచోట్ల కర్ఫ్యూ పెట్టారు. జనం గుంపు కూడితే అనుమానం.

రాత్రి బడికి ఇంతకన్నా గొడ్డలిపెట్టు ఏముంది? పగలు రబ్బరు పాలు గీసేవాడికి నేర్చుకునే వేళ రాత్రి ఒక్కటే. పక్క తోటలో తాళం తెలిసినవాడి దగ్గరికి సైకిలు మీద పోయి రావడానికి ఆ రాత్రి మూతపడింది. పన్నెండేళ్లంటే ఒక తరం కుర్రకారు నేర్చుకునే వయసు మొత్తం. చార్లెస్ గాంబా, మైకేల్ స్టెన్సన్ వంటివాళ్లు ఆ కాలంలో కార్మిక సంఘాలు ఎలా అణగిపోయాయో విపులంగా రాశారు. సంఘం సమావేశమూ భజన సాధనా ఒకే చీకటిపూట, ఒకే మందిరం ముంగిట జరిగి ఉండవచ్చన్నది వాళ్ల దృష్టికి రాలేదు. కంచె లోపల కూడా ఆడుకోవచ్చు కదా అని అడగవచ్చు. ఆడుకునే ఉంటారు కొందరు. అయినా మలేసియా తెలుగువారి ఆటపాటల చరిత్రను 1948కి ముందు, తరవాత అని రెండుగా విడగొట్టాలని నా అభిప్రాయం. ఆ పెద్దావిడ కాళ్లు రెండడుగులకే ఆగిపోవడానికి మూలం అక్కడుంది.

ఇందులో ఒక వింత ఉంది. మలయా తోటల యజమానుల్లో స్కాట్లాండ్‌వాళ్లు లెక్కకు మిక్కిలి. 1821లో సింగపూర్‌లో దుకాణం తెరిచిన అలెగ్జాండర్ గత్రీ స్కాట్లాండ్‌వాడే. ఇపో దిగువన బాతు గాజా దగ్గర మద్రాసు పనివాళ్లతో కోట కట్టించుకుని, అది పూర్తికాకుండానే 1926లో చనిపోయిన విలియం కెలీ స్మిత్ కూడా స్కాట్లాండ్‌వాడే. ఈ దొరలు నవంబర్ 30న సెయింట్ ఆండ్రూస్ రాత్రి విందులో రీల్ నాట్యాలు ఆడేవారు, అందుకు ముందు క్లబ్బుల్లో సాయంత్రాలు సాధన చేసేవారు. లయాల్లో కూలీ, క్లబ్బులో దొర, ఇద్దరూ వలయంగా నిలబడి అడుగు నేర్చుకోవలసినవాళ్లే. తేడా ఒక్కటే, దొర సాధనకు సొంత భవనం ఉండేది.

స్కాట్లాండ్‌లోనూ ఈ విద్య దానంతటదే బతకలేదు. ఎడిన్‌బరోలో గోర్గీ, డాల్రీ అనే పనివాళ్ల పేటల్లో 1979లో అడల్ట్ లెర్నింగ్ ప్రాజెక్ట్ మొదలైంది. బ్రెజిల్ విద్యావేత్త పావ్లో ఫ్రేరే ఆలోచనలు దానికి ప్రేరణ. నేర్చుకునేవాళ్లే ఏం నేర్చుకోవాలో తేల్చాలని వాళ్ల పద్ధతి. తమ పాట, తమ ఫిడేలు కావాలని జనం అడిగారు. ఆఫీసులు మూసేశాక తరగతులు, స్వరలిపి ముట్టకుండా చెవితో నేర్పడం, చిన్న ముక్కగా వాయించి చూపి మళ్లీ మళ్లీ అనిపించడం, ఆపైన అందరూ కలిసి వాయించే కూటమి. తరవాత ఆ సంగీత విభాగం స్కాట్స్ మ్యూజిక్ గ్రూప్ పేరిట వేరుపడి నిలిచింది. చిత్తూరు జిల్లా చెక్కభజన పంతులు ఆ గదిలోకి వెళ్తే పద్ధతి అర్థం కావడానికి దుబాసీ అక్కర్లేదు. నగరంలో సంప్రదాయం తిరిగి లేవడానికి ఏం కావాలో ఎడిన్‌బరో రుజువు చేసింది: సాయంత్రం, గది, జీతమిచ్చి పెట్టుకున్న గురువు. భాష నాలుగో స్థానంలో వస్తుంది.

తమిళ బడుల్లో చదువు, తోటలు ముక్కలై అమ్ముడుపోవడం కూడా కారణాలేనని కొందరంటారు, కాదనను. కాని 1955లో ఏర్పడి ఇవాళ మలేసియా తెలుగు సంఘంగా ఉన్న సంస్థ ఉగాదులు, భాషా తరగతులు నడిపింది, 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయి. అంతటి సభలూ ఊరేగింపులూ జరిగినచోట ఒక కోలాటం పంతుల్ని ఆరునెలలు తోటలో ఉంచి ఉంటే ఇప్పుడు ఆ కోపులన్నీ ఆడుతూ ఉండేవి. అక్షరాలు నేర్పే గురువు కన్నా అడుగు నేర్పే గురువు భాషను ఎక్కువకాలం కాపాడతాడని నేను నమ్ముతాను.

ఇటు ఆంధ్ర, తెలంగాణల్లో చూస్తే అదే రాత్రి బడి కొత్త వేషంలో కళకళలాడుతోంది. పొలం పనులో, ఇంటి పనులో ముగించుకున్న ఆడవాళ్లు సాయంత్రాలు గుడి ముందు చేరి, మాస్టారికి నెలజీతమిచ్చి కోలాటం నేర్చుకుంటున్నారు. ఒకే రంగు చీరలతో తిరుమల మాడవీధుల్లో బ్రహ్మోత్సవాలకు ఆడి వస్తున్నారు. ఈ మాస్టర్ల మీద మన విశ్వవిద్యాలయాల చూపు పడదు, సినిమా బాణీలు కలుస్తున్నాయని చిన్నచూపు. నలభై ఏళ్ల తరవాత వీళ్ల గురించి కూడా ప్రసారం మౌఖికం అని రాసేస్తాం.

అందుకే క్షేత్రానికి వెళ్లేవారికి విన్నపం. పాట రికార్డు చేసుకున్నాక సెల్‌ఫోన్ కట్టేయకండి. నేర్పినదెవరు, ఏ ఊరినుంచి వచ్చారు, ఎన్నాళ్లున్నారు, ఎవరింట తిన్నారు, ఎంత పుచ్చుకున్నారు అని అడిగి రాసుకోండి. మలేసియా వెళ్లగలిగినవారు దిగువ పేరాక్ తోటల్లో 1948కి ముందు పుట్టినవారిని ముందుగా కలవండి. వాళ్లలో చాలామందికి ఇప్పుడు ఎనభై దాటాయి.