వాగు ఒడ్డు ఎంత గట్టిది? మట్టి కోతను కొలిచే పద్ధతులు

ఉమ్మడి పాలమూరు నుంచి 2016 అక్టోబర్‌లో వేరుపడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో నీళ్లు లేక ఎండిన పొలాలూ ఉన్నాయి, నీళ్లు కోసుకుపోయిన పొలాలూ ఉన్నాయి. ఒక దిక్కు కృష్ణా, తుంగభద్ర. మరో దిక్కు దుందుభి, ఊకచెట్టు వాగు వంటివి. ఒడ్డున చెలక ఏటా ఒకటి రెండు సాళ్లు తగ్గితే మొదట్లో ఎవరూ పట్టించుకోరు. పదేళ్లకు చూస్తే పాసుపుస్తకంలో ఉన్న గుంటలు నేల మీద ఉండవు. పొలమైనా, బాటైనా, ఖబ్రస్తాన్ అయినా వాగుకు ఒకటే.

అన్ని ఒడ్లూ ఒకే తీరుగా కోతపడవు. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర చెలక మట్టి రేణువు రేణువుగా విడిపోతుంది. నల్లరేగడిలో బంక ఎక్కువ కాబట్టి రేణువులు అంత తొందరగా విడవవు. కానీ ఎండాకాలం నెర్రెలు బారుతుంది. ఆ నెర్రెల్లోకి నీరు దిగితే పెళ్లలు పెళ్లలుగా కూలుతుంది.

ఇంజనీర్లు దీన్ని రెండు అంకెలతో చెబుతారు. మొదటిది, మట్టి కదలడం మొదలు కావాలంటే పారే నీటికి ఉండాల్సిన కనీస రాపిడి బలం. రెండోది, ఆ హద్దు దాటాక మట్టి ఎంత వేగంగా పోతుందనే కోత గుణకం. నీటి బలంలోంచి మట్టి తట్టుకునే బలం తీసేసి, మిగిలినదాన్ని గుణకంతో హెచ్చిస్తే కోత వేగం వస్తుంది. ఉదాహరణకు, మీటరుకు 1 మిల్లీమీటరు వాలున్న వెడల్పాటి వాగులో 2 మీటర్ల లోతున నీరు పారితే అడుగున రాపిడి సుమారు 20 పాస్కల్స్. మట్టి 5 పాస్కల్స్ వరకే తట్టుకునేదైతే మిగిలిన 15 దాన్ని కోస్తుంది. గుణకం న్యూటన్-సెకనుకు 0.1 ఘన సెంటీమీటరు అనుకుంటే గంటకు 5 మిల్లీమీటర్లకు పైనే. పది గంటల వరదకు 5 సెంటీమీటర్లు దాటుతుంది.

ఈ రెండు అంకెలు రాబట్టేందుకు పేరున్నది జెట్ పరీక్ష. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త గ్రెగొరీ హాన్సన్ ఓక్లహోమాలోని స్టిల్‌వాటర్‌లో దీన్ని అభివృద్ధి చేశారు. ఒడ్డు మీదనే ఒక డబ్బా బిగించి, తెలిసిన ఒత్తిడితో సన్నని నీటి ధారను మట్టిపైకి సూటిగా వదులుతారు. గుంత ఎంత దిగిందో కొన్ని నిమిషాలకోసారి కొలుస్తారు. గుంత లోతయ్యే కొద్దీ ధార బలం తగ్గుతుంది. ఇక దిగని చోట ఉన్న బలమే మట్టి తట్టుకునే హద్దు. తవ్వి తెచ్చిన మట్టి తన అమరికను కోల్పోతుంది, అందుకే ఒడ్డు దగ్గరే కొలవడం మేలు.

యంత్రం లేనివాళ్లు చేసుకోదగ్గ పని కూడా ఉంది. ఒడ్డు నుంచి గోలీ అంత మట్టిగడ్డ తీసి, గాజు గ్లాసులో కదలని వాన నీళ్లలో వేయాలి. గడ్డ చుట్టూ పాలలాంటి మబ్బు పరుచుకుంటే అది సోడియం ఎక్కువున్న చౌడు మట్టి కావచ్చు, నీటికి తానే కరిగిపోయే రకం. బోరు నీళ్లు వాడితే అందులోని ఉప్పులు ఈ గుణాన్ని దాచేస్తాయి. అలాగే ఒడ్డు గోడలోకి ఇనుప చువ్వలు అడ్డంగా దిగ్గొట్టి, ప్రతి వరద తర్వాత ఎంత బయటపడిందో తేదీతో రాసుకుంటే రెండు మూడేళ్లకు కోత లెక్క చేతిలో ఉంటది. పరిహారం అడిగేటప్పుడు ఉత్త మాట కన్నా ఈ రాత నయం.

కట్టలదీ ఇదే కథ, ఇంకా తొందరగా. మదనాపురం మండలంలోని సరళాసాగర్ ఆటోమేటిక్ సైఫన్లకు పేరుపడ్డ ప్రాజెక్టు. దాని కట్టకు 2019 డిసెంబర్ 31న, వానల్లేని రోజుల్లో గండి పడింది. మట్టికట్టలో సన్నని బుంగ ఎంత వేగంగా వెడల్పవుతుందో తేల్చడానికి రంధ్ర కోత పరీక్ష వేరే ఉంది. మట్టి నమూనాకు చిన్న రంధ్రం పెట్టి నీరు పంపి, అది పెరిగే తీరు కొలుస్తారు.

ఎన్ని అంకెలు తీసినా ఒడ్డు కూలేది ఎక్కువగా అడుగు నుంచే. నీరు పాదాన్ని తొలిస్తే పైభాగం గొడుగులా వేలాడి పడిపోతుంది. వాగులో ఇసుక లోతుగా తోడితే ఈ పని సులువవుతుంది. గడ్డి, చెట్ల వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి గానీ, వేర్లు అందని లోతున తొలిస్తే వాటి బలం సరిపోదు.

2009 అక్టోబర్ వరదల్లో తుంగభద్ర ఒడ్డునున్న రాజోలి నీట మునిగింది. అలాంటి వరదలో అందరి కళ్లూ పెరిగే నీటి మీదే ఉంటాయి. ఒడ్లు మాత్రం చాలాసార్లు నీరు తీశాకే కూలుతాయి. మట్టి తడిసి బరువెక్కి ఉంటుంది, ఎదురుగా ఆనుకున్న నీటి ఆసరా పోతుంది. అందుకే వరద దిగిన రెండు మూడు రోజులు ఒడ్డు అంచున బర్రెలను కట్టేయొద్దు, పిల్లల్ని పోనీయొద్దు, మోటారు తీయడానికైనా ఒక్కరే దిగొద్దు.