జెట్ స్కీలో ఆయిల్ లీకు: ఒక లోపం రూపుకట్టిన క్రమం

వాడుకలో జెట్ స్కీ అని పిలిచే చిన్న నీటి వాహనంలో ఇంజన్ పడవ గర్భంలోనే మూసి ఉండి, అడుగు నుంచి నీటిని పీల్చి వెనుకకు వడిగా చిమ్మే పంపును తిప్పుతుంది. ఇటువంటి వాహనంలో ఆయిల్ కారడం వెంటనే సరిచేయవలసిన లోపమని నేడు అందరూ ఎరిగినదే అయినా, తొలి మూడు దశాబ్దాలలో ఆయిల్ బయటికి పోవడం ఇంజన్ పనితీరులోనే భాగంగా ఉండేది. దానిని లోపంగా చూడడం ఇంజన్ రకం మారిన తరువాతనే పూర్తిగా స్థిరపడింది.

1960లలో అమెరికాలోని అరిజోనాకు చెందిన మోటార్ సైకిల్ క్రీడాకారుడు క్లేటన్ జాకబ్‌సన్ ఈ వాహనానికి రూపకల్పన చేయగా, కెనడా సంస్థ బొంబార్డియర్ 1968లో సీ-డూ పేరుతో ఒక నమూనాను విడుదల చేసి, కొద్దికాలానికే ఆపివేసింది. 1973లో కవాసాకి నిలబడి నడిపే జెట్ స్కీని 400 సీసీ ఇంజన్‌తో తెచ్చింది. 1980ల ద్వితీయార్ధంలో యమహా వేవ్‌రన్నర్, 1988లో తిరిగి ప్రవేశించిన సీ-డూ కూర్చుని నడిపే రకాన్ని వ్యాప్తిలోకి తేవడంతో, ఈ వాహనం క్రీడాకారులను దాటి సామాన్య కుటుంబాలకు చేరింది.

ఈ కాలపు ఇంజన్లన్నీ టూ-స్ట్రోక్ రకానివి, అంటే పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదలడంతోనే దహనచక్రం ముగిసేవి. ఇంజన్ అడుగు భాగమైన క్రాంక్ కేస్ గుండానే ఇంధనం ప్రవహిస్తుంది కనుక అక్కడ ఆయిల్‌ను నిల్వ ఉంచే వీలుండదు. పాత స్కూటర్లకు పెట్రోలు బంకులో 2టి ఆయిల్ కలిపించినట్లే, దీనికీ ఆయిల్‌ను పెట్రోలులో కలిపి గాని, వేరే ట్యాంకు నుంచి చిన్న పంపు ద్వారా గాని అందించవలసి వచ్చేది. అలా అందిన ఆయిల్ కొంత కాలి, కొంత కాలకుండానే ఎగ్జాస్ట్ వెంట నీటిలో కలిసేది. కార్బురేటర్ ఉన్న ఇటువంటి ఇంజన్లలో ఇంధన మిశ్రమంలో నాలుగో వంతు దాకా మండకుండానే బయటపడవచ్చునని అమెరికా పర్యావరణ అధికారులు గుర్తించారు.

ఆయిల్ తరిగిపోవడమే సహజమైనప్పుడు లీకును పట్టుకోవడం కష్టం. సీ-డూలో వాడిన రోటాక్స్ ఇంజన్లు ఇందుకు ఉదాహరణ. వాటిలో అనేకం ఇంధన ప్రవేశాన్ని ఒక తిరిగే పళ్లెంతో నియంత్రించేవి. దాని ఇరుసును తడిపే ఆయిల్ ట్యాంకు నుంచి నేరుగా దిగేది. క్రాంక్ షాఫ్ట్‌ను ఆనుకుని ఉన్న సీళ్లు అరిగితే, వాహనం షెడ్డులో ఊరకే ఉన్నప్పుడు కూడా ఆ ఆయిల్ క్రాంక్ కేస్‌లోకి జారి, వెలుపల చుక్క కనబడకుండానే ట్యాంకు మట్టం తగ్గి, ఇంజన్ తిరిగి అంటుకున్నప్పుడు దట్టమైన పొగ లేచేది. మెకానిక్కులు ఇరుసు ఉన్న ఆయిల్ గదిని మూసి గాలి ఒత్తిడి పెట్టి, ఒత్తిడి నిలవకపోతే సీలు పోయిందని నిర్ధారించేవారు. మరమ్మతుకు ఇంజన్‌ను పూర్తిగా విప్పవలసి వచ్చేది.

ఈ స్థితిని మార్చినది చట్టం. పడవ ఇంజన్ల నుంచి వెలువడే హైడ్రోకార్బన్లను దశలవారీగా 2006 నాటికి బాగా తగ్గించాలని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1996లో నియమం చేసింది. 1999లో అమెరికాలోని టాహో సరస్సుపై కార్బురేటర్ గల టూ-స్ట్రోక్ ఇంజన్లను నిషేధించారు. సంస్థలు కొంతకాలం ఇంధనాన్ని నేరుగా సిలిండరులోకి చిమ్మే పద్ధతిని ప్రయత్నించినా, 2002లో యమహా, హోండా, సీ-డూ పేర్లతో ఫోర్-స్ట్రోక్ (పిస్టన్ నాలుగు కదలికలతో దహనచక్రం ముగించే) నమూనాలు రావడంతో దారి స్థిరపడింది. వీటిలో ఆయిల్ మూసిన వలయంలో తిరిగి తిరిగి ప్రవహిస్తుంది కాబట్టి, దానికి మొదటిసారిగా నిర్ణీతమైన కొలత, ఆ కొలతను చూపే డిప్‌స్టిక్ గీత ఏర్పడ్డాయి.

లీకును వెదికే నేటి క్రమం ఆ గీత నుంచే మొదలవుతుంది. మట్టం తగ్గితే ఇంజన్‌ను కడిగి ఆరబెట్టి, కొద్దిసేపు నడిపి, తడి మొదట ఎక్కడ మెరుస్తుందో చూస్తారు. ఆయిల్ కిందికి జారుతుంది కనుక అన్నిటికన్నా పైనున్న తడినే మూలంగా అనుమానించి, వాల్వ్ కవర్ గాస్కెట్, ఫిల్టర్ రబ్బరు వలయం, ఆయిల్ కూలర్ గొట్టాల అతుకులు, క్రాంక్ షాఫ్ట్ చివరి సీలు అనే వరుసలో పరీక్షిస్తారు. మట్టం పెరిగి ఆయిల్ పాలరంగుకు మారితే నీరు లోపలికి చేరినట్లే. అప్పుడు ముందుగా నీటి దారిని మూయాలి. మోతాదు మించి పోసిన ఆయిల్ గాలి గొట్టం వెంట పొంగి లీకును తలపించడమూ కద్దు.

పడవ గర్భంలోని నీటిని జెట్ పంపు పీల్చే శక్తితోనే వెలుపలికి లాగివేసే గొట్టాలు అనేక నమూనాలలో ఉండడం వల్ల, లోపల కారిన ఆయిల్ కూడా నడుస్తున్న వాహనం నుంచే సరస్సులోకి చేరవచ్చు. నీటిపై నూనె తెట్టు కట్టేలా విడవడం అమెరికాలో సమాఖ్య చట్టప్రకారం నిషిద్ధం. టూ-స్ట్రోక్ కాలంలో యంత్రం ఖర్చుగా లెక్కించిన దానినే ఫోర్-స్ట్రోక్ కాలం యజమాని బాధ్యతగా మార్చింది. గాస్కెట్ మార్చి, గర్భంలోని ఆయిల్‌ను పీల్చే గుడ్డలతో తుడిచిన తరువాతే వాహనాన్ని నీటిలో దింపే అలవాటు ఈ మార్పుకు అనుగుణమైనదే.