జిల్లా అజాయబ్ ఘర్ - మన బొగ్గుబాయి చరిత్ర

మ్యూజియంను మన ఇండ్లలో పెద్దలు అజాయబ్ ఘర్ అనేవారు. వింత వస్తువులుండే ఇల్లు అని దాని అర్థం. ఆ మాట వినగానే మనకు హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం జ్ఞాపకం వస్తుంది. పిల్లలను వెంటబెట్టుకొని పోయి, గంటలు కొట్టే గడియారం ముందు కాసేపు నిలబడి, ఏనుగు దంతపు పనితనం చూసి, అలసిపోయి తిరిగి వస్తాము. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో కాలం చేసిన తర్వాత, ఆయన కూడబెట్టిన వస్తువులతో 1951 డిసెంబరు 16న ఆ మ్యూజియం తెరిచారు. అది ఒక నవాబుగారి సంపద. దానిని చూసి సంతోషించడం వేరు, మన ఊరి చరిత్రను మనమే దాచుకోవడం వేరు. ఈ వ్యాసంలో మేము ముచ్చటించదలచినది ఈ రెండవ సంగతి. జిల్లాలలో వుండే చిన్న మ్యూజియంలు ఎట్లా పుడతాయి, అవి జనానికి ఏమి చేస్తాయి, వాటితో మన నస్పూరు వాళ్లకు ఏమి పని అనేది సభ్యుల ముందు పెడుతున్నాము.

కరీంనగర్ మ్యూజియం చెప్పే పాఠం

మనకు దగ్గరలో గోదావరి దాటి పోతే కరీంనగర్ జిల్లా పురావస్తు మ్యూజియం వున్నది. అది పెద్ద భవనమేమీ కాదు, సాలార్‌జంగ్‌తో పోల్చదగినదీ కాదు. కాని అందులోని వస్తువులు లండన్ నుంచో పారిస్ నుంచో కొని తెచ్చినవి కావు. ధూళికట్ట, పెద్దబంకూరు, కోటిలింగాల వంటి మన చుట్టుపక్కల ఊర్ల మట్టిలో నుంచి వచ్చినవి. 

పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరులో 1960ల చివర, 1970లలో పురావస్తు శాఖవారు డాక్టర్ వి.వి. కృష్ణశాస్త్రి గారి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిపారు. రెండువేల ఏండ్ల నాటి ఇటుకల బావులు, ఇండ్ల గోడలు, ఇనుప పనిముట్లు బయటపడ్డాయి. ఒక కుండలో ఇంచుమించు 22,000 శాతవాహన నాణేలు దొరికాయి. అక్కడికి దగ్గరలోనే ధూళికట్టలో మట్టికోట, బౌద్ధ స్తూపం వెలుగు చూశాయి. ధూళికట్ట పక్కన పారే వాగును జనం హుస్సేన్‌మియా వాగు అంటారు. బౌద్ధుల స్తూపం, దాని పక్కన ఒక మియాగారి పేరు మోసే వాగు! చరిత్ర ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా ఎట్లా పేరుకుంటుందో చెప్పడానికి ఇంతకంటె వేరే ఉదాహరణ అక్కరలేదు.

ఇక కోటిలింగాల సంగతి మరీ ముఖ్యమైనది. గోదావరి ఒడ్డున వున్న ఈ ఊరిలో వాన కురిసినప్పుడల్లా పాత నాణేలు మట్టిలోంచి తేలి పైకి వచ్చేవి. ఊరివాళ్లకు దొరికిన ఆ బిళ్లలను ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ గారు ఓపికతో సేకరించి, శాసనాల పండితుడు డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి దృష్టికి తెచ్చారు. వాటిలో శాతవాహన వంశానికి మూలపురుషుడైన సిముకుని నాణేలు వున్నాయని, శాతవాహనులకంటె ముందు ఏలిన గోభద, నారన, సమగోప వంటి స్థానిక రాజుల నాణేలు కూడా వున్నాయని తేలింది. శాతవాహనుల తొలి చరిత్ర కోసం మహారాష్ట్ర వైపే చూస్తుండిన పండితులు మన గోదావరి ఒడ్డు వైపు తిరిగి చూడవలసి వచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వం అక్కడ తవ్వకాలు జరిపించింది.

ఆలోచించండి. ఆ నాణేలను ఎవరైనా కంసాలి కొట్టుకు పట్టుకపోయి కరిగించి వుంటే ఏమయ్యేది? ఒక రాజవంశపు చరిత్రలో మొదటి పేజీ పోయేది. సర్కారు తవ్వకం కంటె ముందు, ఊరి మనిషి ఒకరు "ఇది పారేయవద్దు" అనుకున్నారు. జిల్లా మ్యూజియంకు పునాది రాయి అదే.

మనవారు చేసిన సేవ

ఈ పనిలో మన పెద్దలకు గొప్ప వారసత్వం వున్నది. అది మన పిల్లలకు తెలియవలె. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను ఏర్పాటు చేసి గులాం యజ్దానీ గారికి అప్పగించింది. ఆయన అజంతా చిత్రాల మీద 1930 మొదలుకొని 1955 వరకు నాలుగు భాగాల పెద్ద గ్రంథం వెలువరించారు. పాలంపేట రామప్ప గుడి మీద ఆయన రాసిన పుస్తకం 1922లో అచ్చయింది. ఆ రామప్ప గుడికే 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. అంటే లోకం గుర్తించడానికి 99 ఏండ్ల ముందే యజ్దానీ గారు దాని విలువ గుర్తించి కొలతలతో, ఫోటోలతో రాసిపెట్టారు. 1959లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌లో 1940ల మొదట్లో ఆ శాఖ జరిపిన తవ్వకాల ఫలితమే నేడు అక్కడ వున్న చిన్న మ్యూజియం.

అది గుడియా, మసీదా, స్తూపమా అని యజ్దానీ గారు చూడలేదు. ఈ నేల మీద మనిషి చేతి పని ఏదైనా దానిని కాపాడడం తన బాధ్యత అనుకున్నారు. మన సంఘం సభ్యులకు ఇంతకంటె మంచి ఆదర్శం ఏముంటుంది?

మన ప్రాంతపు ఎముకలు ఎక్కడికి పోయినాయి?

ఇప్పుడు మన వైపు వద్దాము. 2016 దాకా మనది ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు మంచిర్యాల జిల్లా. ఈ నేలకు చరిత్ర కరువు లేదు. ప్రాణహిత-గోదావరి లోయలో పోచంపల్లి అనే ఊరి దగ్గర 1958 నుంచి 1961 మధ్య కోట్ల ఏండ్ల నాటి రాక్షసి బల్లి ఎముకలు దాదాపు 300 దొరికాయి. దానికి పండితులు బరపాసారస్ అని పేరు పెట్టారు. ఆ అస్థిపంజరం నేడు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబడి వున్నది. యామన్‌పల్లి దగ్గర దొరికిన మరొక రాక్షసి బల్లి కోటాసారస్ హైదరాబాదులోని బిర్లా సైన్స్ సెంటర్‌లో వున్నది. అక్కడివారు వాటిని భద్రంగా చూసుకుంటున్నారు, అందుకు మెచ్చుకోవలసిందే. కాని మన పిల్లలు తమ ప్రాంతపు సంగతి చూడడానికి రైలెక్కవలసి వస్తున్నది.

పుట్టినచోటనే జ్ఞాపకం నిలిస్తే ఎట్లా వుంటుందో జోడేఘాట్ చూస్తే తెలుస్తుంది. 1940లో కొమురం భీం నేలకొరిగిన ఆ గుట్టల మధ్యనే ఆయన స్మారకము, ఆదివాసుల మ్యూజియం 2016లో వెలిశాయి. గోండు పిల్లవాడు అక్కడికి పోతే తన తాత వాయించిన వాద్యము, తన నానమ్మ తొడిగిన నగ కనిపిస్తాయి. "ఇవి మావే" అని వేలు పెట్టి చూపించగలడు. జిల్లా మ్యూజియంతో లాభం ఏమిటని అడిగేవారికి అదే జవాబు.

బొగ్గు గనుల చరిత్ర ఎవరు దాచాలె?

సింగరేణి పెద్ద చరిత్ర పుస్తకాలలో వున్నది. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఏర్పడి, 1889లో బొగ్గు తీయడం మొదలుపెట్టింది. 1920 డిసెంబరులో దానికి సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం దానిని చేతికి తీసుకున్నది. కాజీపేట-బల్లార్షా రైలు మార్గం 1929 నాటికి పూర్తి కావడంతో ఈ వైపు బొగ్గుకు దారి దొరికింది. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని, శ్రీరాంపూర్ ఒక్కొక్కటిగా పెరిగినాయి.

ఇదంతా కంపెనీ చరిత్ర. బాయి దిగిన మనుషుల చరిత్ర దీనిలో లేదు. మన అబ్బాజాన్‌లు, తాతలు ఏ ఊరి నుంచి వచ్చారు, ఎవరి మాట పట్టుకొని వచ్చారు, మొదటి మస్టర్ ఎక్కడ పడ్డది, తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపిన రోజులు ఎట్లుండేవి, గుడిసె నుంచి క్వార్టర్‌కు ఎప్పుడు మారినారు, మన ఆడవాళ్లు నీళ్ల కోసం, బియ్యం కోసం ఏమి పాట్లు పడ్డారు - ఇవన్నీ ఎక్కడ రాసివున్నవి? మన పెద్దల నోళ్లలో వున్నవి, ఇనుప పెట్టెలలో వున్నవి.

ఒక చిన్న పరీక్ష చేయండి. మన పిల్లలను "సి.సి.సి. అంటే ఏమిటి?" అని అడగండి. ఆటో దిగే చోటు అంటారు. కోల్ కెమికల్ కాంప్లెక్స్ అనే పేరులోని మూడు అక్షరాలే అవి అని ఎందరికి తెలుసు? నస్పూరు ఒక గ్రామంగా వుండి, 2018లో మునిసిపాలిటీ అయి, 2025లో మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసిపోయింది. ఊరి బోర్డులు ఇంత త్వరగా మారుతుంటే, ఊరి జ్ఞాపకం ఎన్నాళ్లు నిలుస్తుంది?

మన వస్తువులు పోయే దారి కూడా మనకు తెలిసిందే. కార్మికుడు రిటైర్ కాగానే క్వార్టర్ ఖాళీ చేయాలె. ఆ నాలుగు రోజుల హడావుడిలో పాత టోపీ, ల్యాంపు, ఇత్తడి బిళ్ల, పే స్లిప్పుల కట్ట, యూనియన్ కార్డు - "ఇవెందుకు, కొత్త ఇంట్లో జాగ ఎక్కడిది" అని పాత సామాన్లవాడికి కిలోల లెక్కన తూచి వేస్తాము. 1990ల మొదట్లో లక్షకు పైగా వున్న సింగరేణి కార్మికులు ఇప్పుడు అందులో సగం కూడా లేరు. చేతితో బొగ్గు నింపిన తరం ఇంకెంతకాలం మన మధ్య వుంటుంది? వాళ్లతోపాటు ఆ మాటలు కూడా పోతాయి.

ఇంకొక నష్టము మన వర్గానికి ప్రత్యేకమైనది. 1948 దాకా హైదరాబాదు రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. పాత సేత్వార్లు, పహాణీలు, రసీదులు ఉర్దూలో వున్నవి. మన ఇండ్లలో నిఖానామాలు, ఉత్తరాలు, హిసాబు పుస్తకాలు వున్నవి. మన పిల్లలు తెలుగు, ఇంగ్లీషు మీడియంలలో చదువుతున్నారు, మంచిదే. కాని తాత చేతిరాత మనవడికి గీతలుగా కనబడుతున్నది. ఆ రాత చదవగల పెద్దలు వున్నప్పుడే చదివించుకోవాలె. భూమి కాగితాలలోని ఉర్దూ మన ఒక్కరి అవసరం కాదు. ఏ కులంవారైనా, ఏ మతంవారైనా పాత పహాణీ పట్టుకొని చదివేవారి కోసం వెతుకుతూనే వున్నారు.

ఇతర దేశాలలో ఏమి చేశారు?

ఇంగ్లండు పక్కన వేల్స్ దేశంలో బ్లేనావాన్ అనే బొగ్గు ఊరు వున్నది. అక్కడి బిగ్ పిట్ అనే గని 1980లో మూతపడ్డది. 1983లో దానినే మ్యూజియం చేసినారు. చూడవచ్చినవారిని దాదాపు 90 మీటర్ల లోతుకు దింపి చూపిస్తారు. చూపించేది ఎవరనుకున్నారు? అక్కడ బాయి పని చేసిన కార్మికులే! 2000లో ఆ ప్రాంతానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది.

అమెరికాలో వాషింగ్టన్ నగరంలో నల్లవారు ఎక్కువగా నివసించే అనకోస్తియా పేటలో 1967లో ఒక పాత సినిమా హాలులో మ్యూజియం పెట్టారు. పేటలో ఎలుకల బాధ ఎక్కువగా వుంటే 1969లో ఎలుకల మీదనే ప్రదర్శన పెట్టారు. మ్యూజియం అంటే రాజుల కత్తులే వుండాలనే నియమం లేదని, ఇరుగుపొరుగు కష్టసుఖాలు కూడా దానిలో చోటు చేసుకోవచ్చునని వాళ్లు చూపించారు.

మనం చేయగలిగిన పని

మ్యూజియం కట్టడానికి మన సంఘం దగ్గర డబ్బు లేదు, అది సర్కారు, కంపెనీ తలుచుకోవలసిన పని. కాని దానికి ముందు జరగవలసిన పని మన చేతిలో వున్నది. ఒక అల్మారా, ఒక రిజిస్టరు వుంటే చాలు. ఎవరి ఇంట్లో ఏ పాత వస్తువు వున్నదో, అది ఎవరిది, ఏ బాయిలో, ఏ ఏండ్లలో వాడినారో రాసుకోవాలె. వస్తువు ఇవ్వడం ఇష్టం లేనివారు ఇవ్వనక్కరలేదు, ఫోటో తీసుకొని తిరిగి ఇచ్చేద్దాము. పాత ఫోటోల వెనుక పెన్సిలుతో పేర్లు రాయించాలె. పేర్లు లేని ఫోటో పదేండ్ల తర్వాత ఎవరిదో కూడా తెలియదు.

చదువుకున్న మన ఆడపిల్లలు, మగపిల్లలు సెలవుల్లో పెద్దల దగ్గర కూర్చొని వాళ్ల ముచ్చట సెల్‌ఫోన్‌లో రికార్డు చేయవచ్చును. దాదీ, నానీలను తప్పక అడగాలె. బాయి పని మగవాళ్లది కావచ్చు, బస్తీని నిలబెట్టింది మాత్రం వాళ్లే. ఉర్దూ చదవగల బుజుర్గులు వారానికి ఒక గంట కేటాయిస్తే పాత కాగితాల సారాంశం తెలుగులో రాసిపెట్టుకోవచ్చు. ఏటా మే 18న ప్రపంచమంతటా మ్యూజియం దినోత్సవం జరుపుతారు. ఆ రోజున బస్తీలోని అన్ని వర్గాలవారిని పిలిచి, కూడిన వస్తువులను ఒక పూట చూపిద్దాము. ప్రతి ఏటి సంచికలో ఒక కుటుంబపు బాయి చరిత్ర అచ్చు వేద్దాము.

రేపు జిల్లాకు మ్యూజియం వస్తే, "మా దగ్గర ఇవి వున్నవి, తీసుకోండి" అని ముందుకు పోవడానికి మన రిజిస్టరు సిద్ధంగా వుండాలె. రాకపోయినా మన మనవలకు చూపించడానికి ఆ అల్మారా వుంటుంది. ఈ సంవత్సరం రిటైర్ కానున్న సభ్యులకు ప్రత్యేకంగా మా మనవి ఒక్కటే: క్వార్టర్ ఖాళీ చేసేముందు, పాత సామాన్లవాడిని పిలిచేముందు, ఒక్కసారి సంఘానికి కబురు పంపండి.