పల్లెబడికి వెళ్లిన బోధకుడు: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో ప్రత్యేక అవసరములు గల పిల్లల విద్య – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

తెనాలి, బాపట్ల, రేపల్లె మూడును 2022 వరకు గుంటూరు జిల్లాలోనివే. ఆ సంవత్సరము ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడగా రేపల్లె అందులో చేరినది. తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలినది. ఈ వ్యాసములో మనము పరిశీలించు ప్రశ్న యొక్కటే. చూపు, వినికిడి, బుద్ధి వికాసములలో లోపము గల బిడ్డ తన ఊరి బడిలోనే చదువుకొనవలెనన్న, ఆ బిడ్డకు తగిన బోధకుడు ఎక్కడ నుండి రావలెను? దీనికి జవాబు వెదకుటలో మన మిషను చరిత్ర కొంత వెలుగునిచ్చును.

రెండు సంప్రదాయములు

1842 జూలై 31న జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరు చేరెను. ఆ తరువాత లూథరన్ మిషను పని తెనాలి, రేపల్లె ప్రాంతములకు వ్యాపించినది. బాపట్లలో అమెరికన్ బాప్టిస్టు మిషను ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలను నడిపినది. ఈ మిషనుల పద్ధతి యొక్కటే: తర్ఫీదు పొందిన బోధకుడు తానే పల్లెకు వెళ్లి, దళితవాడలో బడి పెట్టును. అనేక చోట్ల పగలు పిల్లలకు పాఠము చెప్పినవాడే రాత్రి సంఘమునకు ప్రార్థన నడిపించెను. బడి బిడ్డ దగ్గరకు వచ్చినది.

వైకల్యము గల పిల్లల విషయములో మాత్రము మిషనులు వేరొక దారి పట్టినవి. 1885లో బొంబాయిలో కథోలిక సంఘము బధిరుల పాఠశాలను ప్రారంభించినది. 1887లో అమృత్‌సర్‌లో ఆనీ షార్ప్ అంధుల పాఠశాలను స్థాపించెను. 19వ శతాబ్దపు చివరి దశకములో పాళయంకోటలో మిస్ ఆస్క్‌విత్ అంధులకును, ఫ్లారెన్స్ స్వెయిన్సన్ బధిరులకును పాఠశాలలు నడిపిరి. సమాజము చదువు అవసరము లేదన్న పిల్లలకు వీరు అక్షరమును, చేతిపనిని ఇచ్చిరి. ఆ సేవను తక్కువ చేయరాదు. అయితే ఆ మేలు పొందుటకు బిడ్డ ఇల్లు విడిచి రావలసియుండెను. ఇక్కడ బిడ్డయే బడి దగ్గరకు వెళ్లవలెను.

బాపట్లలోని వినికిడి లోపము గల పిల్లల ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల ఈ రెండవ సంప్రదాయమునకు చెందినదే. సంజ్ఞా భాషలో తోటివారితో కలసి పెరుగుట బధిర బిడ్డకు గొప్ప మేలు. కనుక ఇట్టి పాఠశాలలు అనవసరమని మేము చెప్పుట లేదు. కాని అందరు పిల్లలను అక్కడికి పంపుట సాధ్యము కాదు, అవసరమును కాదు.

ప్రభుత్వ విధానములో మార్పు

1964–66 నాటి కొఠారి కమిషన్ ఇట్టి పిల్లలను వీలైనంతవరకు సాధారణ పాఠశాలలలో చేర్చవలెనని సూచించినది. 1974లో కేంద్ర ప్రభుత్వము సమ్మిళిత విద్యా పథకమును ప్రారంభించినది. 1994 జూన్‌లో స్పెయిన్‌లోని సాలమంకాలో జరిగిన ప్రపంచ సదస్సు ఈ ఆశయమును దేశములన్నిటి ముందు ఉంచినది. 1995 వికలాంగుల చట్టము, 2000–01 నుండి సర్వశిక్షా అభియాన్, 2009 విద్యాహక్కు చట్టము క్రమముగా వచ్చినవి. 2016 వికలాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించినది. దాని 31వ సెక్షన్ ప్రకారము, నిర్ణీత స్థాయి వైకల్యము గల 6 నుండి 18 ఏండ్ల బిడ్డకు పొరుగు బడిలోగాని, తాను కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచిత విద్య పొందు హక్కు కలదు.

మన రాష్ట్రములో ఈ విధానము మండల స్థాయిలో ‘భవిత’ కేంద్రముల రూపము దాల్చినది. ఐ.ఇ.ఆర్.టి. అని పిలువబడు రిసోర్సు టీచర్లు కేంద్రములో పాఠము చెప్పుదురు, మండలములోని బడులను దర్శించుదురు, మంచము దిగలేని పిల్లల ఇండ్లకు వెళ్లుదురు. గమనించినచో, ఇది మన పల్లె బోధకుని పద్ధతియే! ప్రత్యేక పాఠశాలల నైపుణ్యమును మోసికొని బోధకుడు బిడ్డ దగ్గరకు వెళ్లుచున్నాడు. రెండు సంప్రదాయములు ఇక్కడ కలిసినవి.

అయితే ఒక మండలమంతటికి కొద్దిమంది టీచర్లు, అదియు ఒప్పంద పద్ధతిపై ఉన్నచోట, హాజరు పట్టీలో పేరున్నను బిడ్డకు పాఠము అందదు. 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు ఈ లోపమును తీవ్రముగా పరిగణించి, ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తిని నిర్ణయించుమని ఆదేశించినది. 2022 సెప్టెంబరులో కేంద్రము 1 నుండి 5 తరగతులలో ఇట్టి పిల్లలు 10 మందికి ఒకరు, 6 నుండి 8 తరగతులలో 15 మందికి ఒకరు ఉండవలెనని ప్రకటించినది. 2025 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2,260 ప్రత్యేక విద్యా ఉపాధ్యాయ పోస్టులను మంజూరు చేసినది.

సంఘ పాఠశాలల బాధ్యత

2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము మైనారిటీ పాఠశాలలకు విద్యాహక్కు చట్టము వర్తించదని తీర్పు చెప్పినది. 2025లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ తీర్పుపై సందేహము వెలిబుచ్చి, విషయమును ప్రధాన న్యాయమూర్తికి నివేదించినది. ఆ వాదము ఎట్లు ముగిసినను, 2016 చట్టము 16వ సెక్షన్ ప్రభుత్వ గుర్తింపు లేదా నిధులు పొందు విద్యాసంస్థలను గూర్చి చెప్పుచున్నది. వివక్ష లేకుండ చేర్చుకొనుట, బిడ్డ అవసరమును బట్టి తగిన సదుపాయము కల్పించుట, నేర్చుకొనుటలోని ఇబ్బందిని ముందుగా కనుగొనుట అందులోనివి. గుర్తింపు పొందిన మన పాఠశాలలు, “మా యొద్ద అట్టి టీచరు లేడు” అని బిడ్డను త్రిప్పి పంపుట చట్టమునకును, మన చరిత్రకును తగదు.

ముగింపు

మార్కు 7వ అధ్యాయములో ప్రభువు చెవిటివాడైన నత్తివానిని జనసమూహము నుండి ప్రక్కకు తీసికొనిపోయి, వినబడని మాటతో గాక తాకుటతో మొదలుపెట్టెను. ప్రక్కకు తీసికొనిపోవుట వేరుచేయుటకు కాదు. అతడు మరల మనుష్యుల మధ్య తేటగా మాటలాడుటకే. రిసోర్సు టీచరు పనియు ఇదియే. పాస్టరు చేయగలిగినది చిన్నదేమియు కాదు: సంఘ కుటుంబములలో బడికి దూరమైన బిడ్డలను ఎరిగియుండుట, తలిదండ్రుల సిగ్గును పోగొట్టుట, భవిత కేంద్రమునకు వారి వెంట నడచుట, సండేస్కూలులో అదే బిడ్డకు చోటిచ్చుట. డెల్టా పల్లెలకు నడచి వెళ్లిన ఆనాటి బోధకుల వారసత్వము మనకు ఈ విధముగా నిలుచును.